వ్యాసం మొత్తం బొడోనిలో పెట్టొచ్చా?

అచ్చుపురుగు:
ఒక పత్రికవాళ్లు ప్రత్యేక సంచికలోని ఇంగ్లీషు వ్యాసాలన్నీ బొడోని అనే ఫాంట్‌లోనే ఉండాలంటున్నారు. నిలువు గీత లావుగా, అడ్డగీత వెంట్రుకంత సన్నగా ఉండే ఆ వయ్యారాన్ని కవర్ మీద చూసి ముచ్చటపడ్డారు. హెడ్డింగుల వరకు సరే, 9 పాయింట్ల మేటర్‌కు వద్దంటున్నా. మీరేమంటారు?

నిలువుగీత:
వద్దనడమే న్యాయం. ఇంగ్లీషులో 'మినిమమ్' (minimum) అని రాసి 9 పాయింట్లలో ప్రింట్ తీసి చూడండి. పదిహేను నిలువు గీతలు వరసగా నిలబడతాయి, వాటిని కలిపే సన్నగీతలు సగం కనబడవు. నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాలైతే ఇంకు పాకి ఉన్నవీ పూడిపోతాయి.

పార్మా ప్రియుడు:
నిలువుగీత గారూ, మీరు ప్రింట్ తీసింది ఏ బొడోని? దాన్ని గీసిన జాంబతిస్తా బొడోని 1768 నుంచి ఇటలీలోని పార్మా డ్యూక్ గారి ముద్రణాలయం నడిపాడు, పుస్తకాలకు పుస్తకాలే ఆ అక్షరాల్లో వేశాడు. సీసం అచ్చుల కాలంలో ఏ సైజుకు ఆ సైజు విడిగా చెక్కేవారు. చిన్న సైజులో సన్నగీతను కాస్త లావు చేసేవారు, అక్షరాన్ని కాస్త వెడల్పు చేసేవారు. ఇప్పుడు మనం పోస్టర్ కోసం గీసిన బొమ్మనే కుదించి మేటర్‌కు వాడేసి, చదవలేకపోతున్నామని ఆయన్ని తిడుతున్నాం. ఐటీసీ బొడోని అనే ఫాంట్ 6, 12, 72 పాయింట్లకు వేరువేరుగా ఉంది. 1992లో కొత్త రూపు తొడుక్కున్న హార్పర్స్ బజార్ ఫ్యాషన్ పత్రిక కోసం జోనథన్ హోఫ్లర్ ఇలాంటిదే డిడో అనే ఫాంట్ గీసినప్పుడు ఏడు సైజులకు ఏడు రకాలు గీశాడు. ఊరికే గీస్తాడా? డబ్బు పెట్టలేమంటే బొడోని మోడా అనే ఫాంట్ ఉచితమే, అందులోనూ సైజును బట్టి గీత మందం మారుతుంది.

నిలువుగీత:
సైజుల సంగతి ఒప్పుకుంటా. కానీ ఆయన పేజీల్లో మార్జిన్లు ఎంతెంత, వరుసల మధ్య ఖాళీ ఎంత! ఖర్చు డ్యూక్ గారిది. పత్రికలో మూడు కాలమ్‌లలో కుక్కితే 6 పాయింట్ల రకం తెచ్చినా కళ్లు జిగేల్మంటాయి. ఇంగ్లండులో చేతి అచ్చు పుస్తకాలు వేసిన విలియం మారిస్ అంతటివాడే బొడోని అక్షరాన్ని దుమ్మెత్తిపోశాడు.

పార్మా ప్రియుడు:
మారిస్‌కు తన కాలపు యంత్రాల అచ్చంటేనే గిట్టదు, ఆయన సాక్ష్యం చెల్లదు.

ఫాయిల్ ప్రెస్:
మధ్యలో నా గోడు. పెళ్లికార్డు మీద ఇంగ్లీషు పేర్లు ఇదే ఫాంట్‌లో గోల్డ్ ఫాయిల్ కొట్టమంటారు. సన్నగీత దగ్గర ఫాయిల్ అంటుకోదు, చిన్న 'ఎన్' (n) రెండు కర్రలుగా మిగులుతుంది. కింద తెలుగు పేరు ఒకే మందం గీతతో నిండుగా ఉంటుంది కాబట్టి తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఇప్పుడు సన్నగీతకు కొంచెం స్ట్రోక్ కలిపి లావు చేస్తే గానీ ఫాయిల్ కొట్టే అచ్చు (డై) చేయించట్లేదు.

అచ్చుపురుగు:
సరే, రెండు కాలమ్‌లకు ఒప్పిస్తా. వాళ్ల కాగితం మీదే 10 పాయింట్లలో ప్రూఫ్ తీసి ఇక్కడ పెడతా.

పార్మా ప్రియుడు:
ఏ రకంతో తీశారో కూడా రాయండి. 72ది పెట్టి తీస్తే నిలువుగీత గారే గెలుస్తారు.