ద్వీపంలో మిషనరీగా ఉన్న తమ్ముడికి కాలివేళ్లు ఒరుసుకుపోతున్నాయి, ఏం చేయాలి?

మా తమ్ముడు లేటర్ డే సెయింట్స్ (మోర్మన్లు అంటారే, ఆ క్రైస్తవ శాఖ) చర్చి తరఫున ఒక ఉష్ణమండల ద్వీపంలో మిషనరీగా ఉన్నాడు. అబ్బాయిలకు ఇది రెండేళ్ల సేవ. 2019 నుంచి వారానికోసారి ఇంటికి వీడియో కాల్ చేసుకోనిస్తున్నారు కాబట్టి వాడి ముఖమైనా చూడగలుగుతున్నాం.

వాడికి ఆ పనంటే ప్రాణం. ఇబ్బందల్లా తేమతోనే. రోజంతా తోటి మిషనరీతో కలిసి ఇల్లిల్లూ తిరగాలి, మధ్యలో వాన. సాక్సులు తడిసి, కాలివేళ్ల సందులు తెల్లగా నాని ఒరుసుకుపోయాయి. మొన్న కాల్‌లో పాదం చూపిస్తే నేను చూడలేకపోయాను. రాత్రి ఆరబెట్టిన బూట్లు తెల్లారినా తడిగానే ఉంటాయట, లోపల బూజు కూడా. యాంటీఫంగల్ క్రీమ్ రాస్తే తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది.

ఇంకో టెన్షన్ డెంగీ. ఆ దోమ ఎక్కువగా పగలే కుడుతుంది, అంటే వాడు బయట తిరిగే వేళలోనే. జ్వరం వస్తే ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ జోలికి పోవద్దని, పారాసెటమాల్ వేసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లమని చెప్పి ఉంచాను.

అలాంటి చోట సేవ చేసినవాళ్లెవరైనా ఉంటే దయచేసి చెప్పండి. బూట్లు ఎలా ఆరబెట్టుకునేవారు? శాండిల్స్ వేసుకోనిచ్చేవారా? చెమటకి కారిపోని దోమల క్రీమ్ ఏది? వచ్చే కాల్‌లో వాడికి చెప్తాను.