చైనా మందుల్లో కొమ్ము: ఖడ్గమృగం వద్దు సరే, సైగా అయితే ఫర్వాలేదా?

జోర్హాట్_శీను:
నిన్న పిల్లల జ్వరాల థ్రెడ్‌లో సింగపూర్ సుజాత గారు "ఇక్కడ లింగ్ యాంగ్ నీళ్ళు దొరుకుతాయి, మా బాబుకి ఒక్క రాత్రిలో జ్వరం దిగింది" అని రాశారు, కింద పదిమంది ఎక్కడ దొరుకుతుందండీ అని అడిగారు. అక్కడ గొడవ ఎందుకని విడిగా పెడుతున్నా. లింగ్ యాంగ్ అంటే సైగా కొమ్ము. కజకిస్తాన్ గడ్డి మైదానాల్లో తిరిగే జంతువు, మేక సైజు ఉంటుంది, ముక్కు చిన్న తొండంలా కిందకి వేలాడుతుంది. కొమ్ములు మగవాటికే. 1990ల మొదట్లో 10 లక్షల దాకా ఉండేవి, పదేళ్ళు తిరిగేసరికి 50 వేల దగ్గరికి పడిపోయాయి. సోవియట్ కూలిపోయి ఊళ్ళల్లో పనుల్లేవు, చైనా బోర్డర్ తెరుచుకుంది, ఇంకేముంది, కొమ్ము కోసం మగవాటిని ఏరి ఏరి చంపితే చివరికి ఆడవి చూలు కట్టడమే తగ్గిపోయింది. అందులో ఉన్నది మన గోళ్ళలో ఉండే కెరాటినే. చదువుకున్నవాళ్ళు కూడా ఇది కొని పిల్లలకి పట్టిస్తుంటే బాధేస్తోంది.

సింగపూర్_సుజాత:
నా పేరు పెట్టి థ్రెడ్ వేసేముందు ఒక మెసేజ్ పెడితే బాగుండేది శీను గారూ. ఇక్కడ అది మందుల షాపులో బిల్లు ఇచ్చి అమ్ముతారు, దొంగతనంగా తెచ్చింది కాదు. మనం వేడి చేసిందంటే సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు తాగమూ? అదే మాట ఇక్కడ చైనీస్ వాళ్ళూ అంటారు, ఒళ్ళు వేడి చేసిందని. వాళ్ళకి ఇది చలవ మందు. అంతే.

గోదారోడు:
ఖడ్గమృగం కొమ్ము వాళ్ళు మగతనం కోసం కదా వాడేది? ఇది కూడా అందుకేనా?

హుబే_బ్యాచ్_కిరణ్:
కాదు బ్రో. నేను చైనాలోని హుబేలో ఎంబీబీఎస్ చేశా, మాకు చైనీస్ మెడిసిన్ ఒక సబ్జెక్టుగా ఉండేది. ఆ పాత గ్రంథాల్లో ఖడ్గమృగం కొమ్ము రాసింది పెద్ద జ్వరాలకి, జ్వరంలో సంధి మాటలకి, ఒంటి మీద ఎర్రటి మచ్చలు లేస్తే, విషానికి. 16వ శతాబ్దంలో లీ షిజెన్ రాసిన మందుల గ్రంథంలోనూ ఇదే లైను. మగతనం కథ ఎక్కువగా బయటివాళ్ళు అంటగట్టిందే. పైగా 1993లో చైనా ప్రభుత్వం ఖడ్గమృగం కొమ్ము, పులి ఎముక రెండింటి వ్యాపారం నిషేధించి ఫార్మకోపియాలోంచి, అంటే ప్రభుత్వ మందుల గ్రంథంలోంచి కూడా తీసేసింది. పక్షవాతం వస్తే ఇచ్చే ఆంగాంగ్ నియుహువాంగ్ అని ఫేమస్ మాత్ర ఉంటుంది, అందులో పూర్వం ఖడ్గమృగం కొమ్ము పడేది, ఇప్పుడు గేదె కొమ్ము పొడి వేస్తున్నారు.

శీను అన్నా, ఆ గోళ్ళ పాయింట్ కూడా వాళ్ళ దగ్గర పనిచెయ్యదు. మనిషి వెంట్రుకలు మాడ్చిన బొగ్గు కూడా వాళ్ళ ఫార్మకోపియాలో మందే, రక్తం కారుతుంటే ఆపడానికి. "ఇది గోరులాంటిదేగా" అంటే, "అయితే ఏంటి, వెంట్రుక కూడా మందేగా" అంటారు.

జోర్హాట్_శీను:
వాళ్ళు ఒప్పుకుంటారా లేదా అన్నది నాకెందుకు. గోరు గోరే. గోరు తింటే జ్వరం తగ్గుతుందా లేదా, డాక్టర్‌గా ఒక్క మాటలో చెప్పు.

హుబే_బ్యాచ్_కిరణ్:
ఒక్క మాటలో రాదు కాబట్టే ఇంత రాస్తున్నా. 1990లో హాంగ్‌కాంగ్ చైనీస్ యూనివర్సిటీ వాళ్ళు ఎలుకలకి జ్వరం తెప్పించి ఖడ్గమృగం, సైగా, గేదె, ఆవు కొమ్ముల కషాయాలు ఎక్కించి చూశారు. ఎక్కువ డోసులో కొంచెం ఎఫెక్ట్ కనిపించింది, కానీ మనుషులు మామూలుగా తీసుకునే డోసుతో పోలిస్తే అది చాలా ఎక్కువ. అంటే సున్నా అని నేను అనలేను, పారాసెటమాల్ పక్కన పెట్టి మాట్లాడేంత కూడా లేదు.

జోర్హాట్_శీను:
అంటే గోరే.

హుబే_బ్యాచ్_కిరణ్:
అన్నా, గోరు అన్న మాట పట్టుకుని వేలాడితే అసలు విషయం పోతోంది. నాకు నిజంగా బాధ కలిగించే విషయం వేరే ఉంది. ఖడ్గమృగాన్ని కాపాడాలని 1990ల మొదట్లో వన్యప్రాణి సంరక్షణ వాళ్ళే, దానికి బదులు సైగా కొమ్ము వాడండి, అవి లక్షల్లో ఉన్నాయని చెప్పారు. తర్వాత ఏమైందో నువ్వే రాశావు. ఆ రోజే సైగా అనకుండా గేదె అనుంటే ఎంత బాగుండేది.

నల్లమల_నాగమణి:
మా తాత దుప్పి కొమ్ము సానరాయి మీద అరగదీసి తలనొప్పికి పట్టు వేసేవాడు, ఆయాసం వస్తే గుండెల మీద రాసేవాడు. అడవిలో రాలి దొరికిన కొమ్ము, దేన్నీ చంపలేదు. ఆయుర్వేదంలో శృంగ భస్మం అని ఉందిగా. ఊళ్ళో ఒకాయన పొలం గట్టు తగాదా మనసులో పెట్టుకుని కేసు పెట్టిస్తానని బెదిరిస్తే మా నాన్న రాత్రికి రాత్రి దాన్ని పెరట్లో పాతేశాడు. తాత మళ్ళీ దాని ఊసెత్తలేదు, ఆర్నెల్లకి పోయాడు. చట్టం రాసేవాళ్ళకి ఇవేం తెలుస్తాయి? మన కొమ్ముకో న్యాయం, సింగపూర్ షాపులో కొమ్ముకో న్యాయమా?

హుబే_బ్యాచ్_కిరణ్:
నాగమణి గారూ, మీ తాతగారి సంగతి చదివితే బాధేసింది. కానీ రెండూ ఒకటి కావు. దుప్పి కొమ్ము ఎముక, ఏటా దానంతటదే రాలిపోయి కొత్తది వస్తుంది. సైగా కొమ్ము రాలదు, కావాలంటే జంతువు చావాల్సిందే. ఖడ్గమృగానిది మధ్యలో, మొదలు తగలకుండా పైన కోస్తే మళ్ళీ పెరుగుతుంది. దక్షిణాఫ్రికాలో వేటగాళ్ళు రాకుండా అలా ముందే కోసేస్తున్నారు కూడా. ఇక మన చట్టం రాలిన కొమ్ము అమ్మకాన్ని ఎందుకు ఆపిందంటే, అమ్మొచ్చు అంటే చంపి తెచ్చి రాలింది అంటారు.

నల్లమల_నాగమణి:
మా తాత అమ్మలేదు. అమ్మినవాడి తప్పుకి ఆయన పట్టు పోయింది.

జోర్హాట్_శీను:
చైనా బాన్ చేసింది అంటున్నావు కిరణ్, 2018 అక్టోబర్‌లో ఏం చేశారో అది కూడా చెప్పు. ఫార్మింగ్‌లో పెంచిన ఖడ్గమృగాల కొమ్ము వైద్యానికి వాడొచ్చని ఆర్డర్ ఇచ్చారు, ప్రపంచమంతా తిడితే నవంబర్‌లో వాయిదా వేశారు. గట్టిగా అడిగేవాళ్ళు ఉంటేనే ఏదైనా ఆగుతుంది, అందుకే అడుగుతున్నా. సుజాత గారూ, మీ బాబు జ్వరం ఎలాగూ మూడోరోజుకి తగ్గేదే. దాని కోసం ఒక ప్రాణం తీసిన వస్తువు కొన్నారు, పైగా పదిమందికి సిఫార్సు చేశారు. తెలియక చేశారంటే అర్థం ఉంది, తెలిశాక కూడా సమర్థించుకుంటున్నారు చూడండి.

సింగపూర్_సుజాత:
చాలు ఆపండి. మూడోరోజుకి తగ్గేదే అని మీరు జోర్హాట్‌లో కూర్చుని చెప్తున్నారు. ఆ రాత్రి మా ఆయన షిప్‌లో ఉన్నాడు, బాబుకి 103, అంతకుముందు నెలలోనే ఒకసారి ఫిట్స్ వచ్చాయి. పొద్దున క్లినిక్‌కి వెళ్తే వైరల్ అని సిరప్ ఇచ్చి రెండు నిమిషాల్లో పంపేశారు. రాత్రి రెండింటికి పక్క ఫ్లాట్ చైనీస్ పెద్దావిడ తలుపు కొట్టి వచ్చింది, బాబు ఏడుపు విని. డెబ్భై ఏళ్ళు ఉంటాయి, నా భాష రాదు, ఆవిడ భాష నాకు రాదు. ఆ నీళ్ళు చెంచాతో పట్టి, తడిగుడ్డ మారుస్తూ తెల్లారేదాకా కూర్చుంది. మా సొంతవాళ్ళు ఫోన్ కూడా ఎత్తని రాత్రి అది. మీరు గోరు గోరు అన్న ప్రతిసారీ ఆవిణ్ణి అంటున్నట్టే ఉంది నాకు. అర్థమవుతోందా?

జోర్హాట్_శీను:
ఆవిణ్ణి ఒక్క మాట అన్లేదండి నేను. సరే, నేనూ చెప్తా. బ్యాంక్ ఉద్యోగం మీద ఇక్కడికి, అస్సాంకి వచ్చి ఆరేళ్ళయింది. బ్రహ్మపుత్ర పొంగితే కాజీరంగాలో ఖడ్గమృగాలు రోడ్డు దాటి కర్బీ కొండలెక్కుతాయి, వేటగాళ్ళు అక్కడే కాచుకుంటారు. ఒక వరదలో మా కస్టమర్ ఒకాయన పిలిస్తే వెళ్ళా. ముక్కు దగ్గర మొత్తం నరికేశారు, అది చావలేదు. నిలబడి ఊపిరి తీసుకుంటుంటే ఆ రంధ్రంలోంచి నురగ వస్తోంది. గార్డులు దూరంగా నిలబడి ఏడుస్తున్నారు, ఏం చేయలేక. ఆ రోజు నుంచి కొమ్ము అన్న మాట వింటే నా వల్ల కాదు. 2021లో అస్సాం ప్రభుత్వం బోకాఖాత్‌లో 2,479 కొమ్ములు చితిపేర్చి కాల్చేసింది, ఇది మందు కాదు అని చెప్పడానికే. నేను వెళ్ళి నిలబడి చూశా.

అల్మాటీ_మెడికో:
కజకిస్తాన్‌లో చదువుతున్నా. ఇప్పుడు సైగాలు 10 లక్షలు దాటాయి అన్నా. 2015లో బ్యాక్టీరియా వచ్చి కొన్ని వారాల్లో 2 లక్షలకి పైగా చచ్చిపోయాయి, అయినా కోలుకున్నాయి. 2023లో అంతరించే జంతువుల జాబితాలో వాటి ప్రమాద స్థాయి కూడా తగ్గించారు. మేత, పంట పాడుచేస్తున్నాయని ఇక్కడి రైతులు గొడవ పెడుతున్నారు.

హుబే_బ్యాచ్_కిరణ్:
ఇద్దర్నీ ఒకటే అడుగుతా. రేపు ట్రయల్ జరిగి సైగా కొమ్ము నిజంగా పిల్లల జ్వరానికి పనిచేస్తుందని తేలింది అనుకోండి. జంతువులు కూడా లక్షల్లో ఉన్నాయి. అప్పుడు?

జోర్హాట్_శీను:
అయినా వద్దు. పారాసెటమాల్ ఉన్నప్పుడు ఇంకో ప్రాణం ఎందుకు.

సింగపూర్_సుజాత:
పనిచేస్తుందంటే నా బిడ్డకి నేను ఇస్తాను. దాచుకోను.

హుబే_బ్యాచ్_కిరణ్:
అయితే నిన్నట్నుంచి గోరు గురించి కొట్టుకున్నది దేనికి? శీను అన్నకి అది పనిచేసినా ఒకటే, చెయ్యకపోయినా ఒకటే.

గోదారోడు:
అందరూ మగతనం అనే అంటారు మరి, అంతమందికి తప్పు ఎవరు చెప్పినట్టు?

జోర్హాట్_శీను:
కిరణ్ అన్నది నిజమే. నాకు సైన్స్ ముఖ్యం కాదు, సైన్స్ నా వైపు ఉందని వాడుకున్నా. అయినా నా మాట మారదు.

సింగపూర్_సుజాత:
నాదీ మారదు. మొదటి పోస్టులోంచి నా పేరు తీసెయ్యండి. గేదె కొమ్ముది విడిగా దొరుకుతుందేమో ఆదివారం ఆవిడతో షాపుకి వెళ్ళినప్పుడు అడిగిస్తా, అది మీ కోసం కాదు, మగవాటిని ఏరి చంపారు అన్న మాట మనసులోంచి పోవట్లేదు.

జోర్హాట్_శీను:
ఎడిట్ ఆప్షన్ టైమ్ అయిపోయిందండి, అడ్మిన్‌కి మెసేజ్ పెట్టా. మీ బాబుకి ఇప్పుడెలా ఉంది?