మైగ్రేన్ ఉన్నవాళ్లు జిమ్ మానేయాల్సిందేనా?

ఉప్పల్‌వాలా:
ఉస్మానియా క్యాంపస్‌లో నడిచినన్నాళ్లూ ఏమీ లేదు. జిమ్‌లో చేరి ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తితే గంట తిరక్కుండా ఎడం కణతలో పోటు, వాంతి, వెలుతురు పడదు. డబ్బు కట్టి నొప్పి కొనుక్కోవడం ఎందుకు? నేనైతే మానేయడమే మేలంటాను.

మాధవి_మెహదీపట్నం:
మానకండి. స్వీడన్‌లో 91 మంది మైగ్రేన్ రోగుల మీద చేసిన అధ్యయనం 2011లో వచ్చింది. కొందరితో వారానికి 3 సార్లు 40 నిమిషాల వ్యాయామం, కొందరితో రిలాక్సేషన్ చేయించారు, మిగతావారికి మైగ్రేన్ రాకుండా ముందుగా వేసుకునే టోపిరమేట్ మాత్ర ఇచ్చారు. మూడు గుంపుల్లోనూ నొప్పి రావడం దాదాపు ఒకేలా తగ్గింది. సైడ్ ఎఫెక్టులు మాత్రం మాత్ర వాళ్లకే.

ఉప్పల్‌వాలా:
స్వీడన్ చలి వేరు మేడమ్. మన మే నెలలో అక్కడివాళ్లని పరుగెత్తమనండి చూద్దాం.

రాత్రిషిఫ్ట్:
అన్నా, వాళ్లు ఎండలో పరుగెత్తలేదు. గదిలో సైకిల్ తొక్కారు. ఆ 40 నిమిషాల్లో 15 నిమిషాలు వార్మప్పే, చివరి 5 మెల్లగా ఆపడానికి. గట్టిగా తొక్కింది 20 నిమిషాలే. మన జిమ్ముల్లో జరిగేదేంటి? పరగడుపున బ్లాక్ కాఫీ తాగి, రాత్రి నిద్ర చాలకపోయినా వచ్చి, ఎక్కీ ఎక్కగానే స్పీడు పెంచేస్తాం. ఖాళీ కడుపు, నీళ్లు చాలకపోవడం, నిద్రలేమి: ఈ మూడూ ఒక్కొక్కటే మైగ్రేన్ తెప్పించగలవు. తప్పంతా వ్యాయామం మీదికి తోసేస్తే ఎలా?
ఇంకో సంగతి. నొప్పి మొదలయ్యాక మెట్లెక్కినా ఎక్కువవుతుంది, అది మైగ్రేన్ లక్షణమే. ఆ రోజు జిమ్‌కి పోవద్దు. నొప్పి లేని రోజుల్లో చేసే వ్యాయామం సంగతి వేరు.

మాధవి_మెహదీపట్నం:
ఒప్పుకుంటాను. కానీ బరువులెత్తుతుండగా ఒక్కసారిగా, క్షణాల్లో భరించలేనంత నొప్పి వస్తే మాత్రం మైగ్రేనేలే అనుకుని పడుకోవద్దు. మెదడులో రక్తస్రావం కూడా అలాగే మొదలవుతుంది. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఉప్పల్‌వాలా:
నాది అలా కాదు, మెల్లగానే పెరుగుతుంది. సరే, టిఫిన్ తిని, స్పీడు తగ్గించి చూస్తాను. కానీ అన్నీ సరిగ్గా చేసినా వచ్చేవాళ్లు ఉంటారు కదా, వాళ్లనీ మానొద్దంటారా?

రాత్రిషిఫ్ట్:
వాళ్లు న్యూరాలజిస్టును అడగాలి. నొప్పి రాకుండా ముందుగా వేసుకునే మాత్రలున్నాయి. ప్రొప్రనలాల్ లాంటిది ఆస్తమా ఉన్నవాళ్లకు పనికిరాదు, అందుకే మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవద్దు.

ఉప్పల్‌వాలా:
పరుగు కోసం రోజూ మాత్రా? అంతకంటే నా క్యాంపస్ నడకే నయం బాబూ.