ఆస్ట్రేలియాలో క్యాన్సర్ ఎక్కువ, ఇండియాలో తక్కువ అంటున్నారు, ఈ లెక్క ఎంతవరకు నమ్మొచ్చు?

కోటిపల్లి_రేవు:
అందరికీ నమస్కారం అండి. మాది అమలాపురం దగ్గర. మెల్‌బోర్న్‌లో ఉండే మా బావ ఇంట్లోవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక ప్రపంచ పటం పెట్టాడు, ఆస్ట్రేలియా, అమెరికా, యూరప్ అంతా ముదురు రంగు, మన ఇండియా, ఆఫ్రికా లేత రంగు. 2022 లెక్కంట, లక్ష మందికి ఏడాదికి ఆస్ట్రేలియాలో 462 కొత్త కేసులు, మనకి 98. ఇంక మా పెదనాన్న ఆగట్లేదు, చూశారా మన పసుపు, మన మిరియాల చారు అని పొద్దున్నుంచీ వాయిస్ మెసేజులే. ఇంకోపక్క మా పిన్ని, డెల్టాలో మందు కొట్టని చేను ఎక్కడుంది, చెరువుల్లో ఏం పోస్తున్నారో ఎవడికి తెలుసు, 2025లో బలభద్రపురంలో క్యాన్సర్లు ఎక్కువున్నాయని అసెంబ్లీలో మాట్లాడితే ఇంటింటికీ వచ్చి పరీక్షలు చేశారు కదా, తక్కువంటారేంటి అని గొడవ. ఎవరు రైటో నన్ను తేల్చమంటున్నారు, నేను చదివింది బీకాం అండి. అసలు ఒక దేశం మీద క్యాన్సర్ భారం ఎంతుందని ఎలా కొలుస్తారు? ఏ నంబరు చూడాలి?

తణుకు_లెక్కలమాస్టారు:
ముందు ఆ 462, 98 ఏంటో చూద్దాం. మామూలుగా అయితే ముసలివాళ్ళు ఎక్కువున్న దేశంలో క్యాన్సర్ ఎక్కువే కనపడుతుంది, ఎందుకంటే ఇది ప్రధానంగా వయసు మీద పడ్డాక వచ్చే రోగం. మన దేశాన్ని జపాన్ పక్కన అలాగే పెడితే సార్వా (ఖరీఫ్) దిగుబడి పక్కన దాళ్వా (రబీ) దిగుబడి పెట్టి రైతుని తిట్టినట్టే. అందుకని అన్ని దేశాలకీ ఒకే వయసుల పంపకం ఉన్నట్టు అనుకుని రేటు మళ్ళీ కడతారు. 1960లో సేగి అనే జపాన్ శాస్త్రవేత్త తయారుచేసిన ప్రపంచ జనాభా నమూనా ఉంది, తర్వాత దాన్ని కాస్త సవరించారు, ఇప్పటికీ దాన్నే వాడుతున్నారు. మీ బావ పెట్టిన నంబర్లు ఆ వయసు సర్దుబాటు అయ్యాక వచ్చినవే కాబట్టి ఆస్ట్రేలియాలో ముసలివాళ్ళు ఎక్కువ కదా అనే సాకు చెల్లదు, తేడా ఇంకెక్కడో ఉంది.

ఒకటి, అక్కడ తెల్ల చర్మం, మండే ఎండ, చర్మ క్యాన్సర్లే బోలెడు. రెండోది, వాళ్ళు వెతుకుతారు, ఏ నొప్పీ లేని మనిషికి కూడా పిలిచి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీస్తారు, ప్రోస్టేట్ రక్త పరీక్షలు కూడా ఎక్కువే, వెతికితే దొరుకుతాయి. మన దగ్గర గడ్డ పైకి కనపడి పుండు పడేదాకా ఎంతమంది డాక్టర్ దగ్గరికెళ్తారు చెప్పండి. కొంత నిజంగానే మనకి తక్కువ, అది కూడా ఒప్పుకోవాలి, పొగతాగే ఆడవాళ్ళు తక్కువ, మద్యం, ఊబకాయం మొన్నమొన్నటిదాకా తక్కువ. పసుపు సంగతి మాత్రం పెదనాన్నగారికే వదిలేస్తున్నా.

ఫైళ్ళ_గుట్ట:
నేను కొంతకాలం క్యాన్సర్ రిజిస్ట్రీలో, అంటే ఎవరికి ఏ క్యాన్సర్ వచ్చిందో నమోదు చేసే చోట, డేటా పని చేశాను, ఆ 98 ఎక్కడినుంచి వస్తుందో చెప్తా. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ళ జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం 1981లో మొదలైంది, అయినా జనాభా మొత్తాన్ని పట్టుకుని లెక్కేసే రిజిస్ట్రీలు దేశంలో కొద్ది భాగం మందినే కవర్ చేస్తాయి, మిగతా వాళ్ళకి వీటినుంచి అంచనా కట్టడమే. ఫ్రాన్స్‌లో లియాన్ అనే ఊర్లో ఉన్న అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఇవన్నీ తీసుకుని గ్లోబోకాన్ అని వేస్తుంది, మీ బావ పటం అక్కడిదే అయ్యుంటుంది.

పని ఎలాగుంటుందంటే మనమే ఆసుపత్రులకి, ల్యాబులకి, స్కానింగ్ సెంటర్లకి తిరిగి ఫైళ్ళు తిరగేయాలి. రావులపాలెం ఆవిడ రాజమండ్రిలో బయాప్సీ చేయించుకుని, వైజాగ్‌లో ఆపరేషన్ అయ్యి, రేడియేషన్‌కి కూతురి దగ్గరికి హైదరాబాద్ వెళ్ళిందనుకోండి, మూడు చోట్ల మూడు ఫైళ్ళు, ఒకచోట సత్యవతి, ఒకచోట సత్తెమ్మ, ఇంకోచోట ఇంటిపేరు లేదు, వయసు 52, 55, 50. ఇవి ముగ్గురు కాదు ఒక్కరే అని పట్టుకోవాలి, ఆవిడ్ని రావులపాలెం లెక్కలోనే వేయాలి, హైదరాబాద్ లెక్కలో కాదు, కనీసం ఏడాదిగా ఎక్కడ కాపురం ఉంటే ఆ ఊరి లెక్కే. ఫైల్లో అడ్రస్ దగ్గర కూతురి అడ్రస్ రాస్తారు, అక్కడే మన కొంప మునుగుతుంది.

చావు లెక్క ఇంకా ఘోరం. 2020లో రిజిస్టరైన చావుల్లో డాక్టర్ కారణం రాసి ఇచ్చినవి నూటికి 22 చిల్లర. మిగతావి ఇంట్లో పోయినవాళ్ళు, పంచాయతీలో రాయించుకున్నవి. డాక్టర్ రాసినా గుండె ఆగి అని రాస్తే ఏం తెలుస్తుంది, అందరికీ చివర్లో గుండే ఆగుతుంది.

కోటిపల్లి_రేవు:
అయ్యబాబోయ్. అంటే లేత రంగు చూసి మురిసిపోకూడదు అన్నమాట. మరి భారం అనేదాన్ని కేసులతో కాకుండా ఎలా చూడాలండి?

కాకినాడ_పీజీ:
నేను కమ్యూనిటీ మెడిసిన్ చదువుతున్నానండి. కేసుల లెక్కని భారం అనుకోకపోవడానికి దక్షిణ కొరియా చాలు. అక్కడ మామూలు హెల్త్ చెకప్పుల్లోనే మెడకి స్కాన్ చేయడం మొదలెట్టాక థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993 నుంచి 2011కి 15 రెట్లు అయ్యాయి, థైరాయిడ్ క్యాన్సర్‌తో చనిపోయేవాళ్ళ సంఖ్య మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. పటంలో రంగు ముదిరింది గానీ రోగం ముదరలేదు.

మన సంగతి తిరగేసి చూడండి. 2022లో ఇండియాలో కొత్త కేసులు సుమారు 14 లక్షల 10 వేలు, చావులు 9 లక్షల 16 వేలు. అమెరికాలో కేసులు 23 లక్షల 80 వేలు, చావులు 6 లక్షలు. చనిపోయినవాళ్ళు, కొత్తగా వచ్చినవాళ్ళు ఒకే మనుషులు కాదు కాబట్టి ఇది కచ్చితమైన కొలత కాదు, అయినా వంద కొత్త కేసులకి చావులు మనకి 65, వాళ్ళకి 25, ఇంత తేడా ఎందుకొచ్చిందో ఆలోచించండి. ఆలస్యంగా రావడం, మధ్యలో వైద్యం మానేయడం. 2010 నుంచి 2014 మధ్య రొమ్ము క్యాన్సర్ బయటపడినవాళ్ళలో అయిదేళ్ళు బతికినవాళ్ళు అమెరికాలో నూటికి 90, ఇక్కడ 66.

అసలు భారానికి వాడే కొలత పేరు డ్యాలీ. 1990ల మొదట్లో క్రిస్టోఫర్ ముర్రే, అలన్ లోపెజ్ వాళ్ళు తెచ్చారు, ఇప్పుడు సియాటిల్‌లో ఉన్న ఒక సంస్థ దేశాలన్నిటికీ కడుతోంది. ముందే పోవడం వల్ల పోయిన ఏళ్ళు, జబ్బుతో గడిపిన ఏళ్ళు, రెండూ కలుపుతారు. 45 ఏళ్ళ మనిషి పోతే 40 ఏళ్ళకి పైనే పోయినట్టు, 80లో పోతే కొద్ది ఏళ్ళే. నర్సాపురంలో పోయినా టోక్యోలో పోయినా ఒకే పట్టీ వాడతారు, మీ దగ్గర ఆయుష్షే తక్కువ కదా అని తగ్గించరు, అది నాకు నచ్చుతుంది. 2019లో ప్రపంచం మొత్తం క్యాన్సర్ వల్ల 25 కోట్ల డ్యాలీలు, అందులో నూటికి 97 వంతులు చావు వల్ల పోయిన ఏళ్ళే. అందుకే కేసులు తక్కువున్న దేశంలో భారం తక్కువని చెప్పలేం, మన దగ్గర పోయేవాళ్ళు తక్కువేం కాదు, పైగా నడివయసులో పోతున్నారు.

పాలకొల్లు_కోడలు:
నూటికి మిగతా మూడు జబ్బుతో బతికిన ఏళ్ళు అన్నమాట, అదెలా కడతారండి? బాధకి నంబరేంటి?

కాకినాడ_పీజీ:
ఒక్కో స్థితికి సున్నా నుంచి ఒకటి దాకా బరువు ఇస్తారు మేడం. బయటపడి మొదటి వైద్యం జరిగే కాలానికి 0.288, ఒళ్ళంతా పాకినప్పుడు 0.451. రొమ్ము తీసేసిన తర్వాత జీవితానికి 0.036. వేలమందిని ఇద్దరు మనుషుల వర్ణన చెప్పి ఎవరు ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారు అని అడిగి కట్టినవి.

పాలకొల్లు_కోడలు:
0.036 అట! మా అత్తగారు ఆపరేషన్ అయినకాడి నుంచీ పెళ్ళికి రాదు, నోముకి రాదు, చెయ్యి వాచి బిందె ఎత్తలేదు. అడిగినవాళ్ళని ఒకసారి మా ఇంటికి పంపండి. ఇంకోటి, మేం అరెకరం కొబ్బరితోట అమ్మాం, మందులు ఆరోగ్యశ్రీలో వచ్చినా బస్సులు, గదులు, మా ఆయన పని మానుకుని కూర్చోవడం, అవి ఏ దేశం లెక్కలో ఉన్నాయి?

కాకినాడ_పీజీ:
డ్యాలీలో లేవు మేడం, అది ఆరోగ్యం ఒక్కటే కొలుస్తుంది. ఇంటి ఖర్చు వేరే సర్వేల్లో చూస్తారు, రెండూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళు తక్కువ. మీ కోపం న్యాయమే.

కోటిపల్లి_రేవు:
మాస్టారూ, పిన్ని మాట మిగిలిపోయింది. మా ఊరు పదివేల జనాభా, చూస్తే వీధికొకరు ఉన్నట్టు అనిపిస్తోంది, ఎక్కువో కాదో ఎలా తెలుస్తుంది?

తణుకు_లెక్కలమాస్టారు:
దేశం సగటు పట్టుకుంటే లక్షకి దగ్గరదగ్గర వంద, అంటే పదివేల ఊర్లో ఏడాదికి పది కొత్త కేసులు మామూలే. గత అయిదేళ్ళలో బయటపడి ఇంకా బతికున్నవాళ్ళు ఇరవై పైన ఉంటారు. మన ఊళ్ళలో కుర్రకారు హైదరాబాద్, దుబాయ్, కువైట్ పోయి పెద్దవాళ్ళే మిగిలారు కాబట్టి ఇంకొంచెం ఎక్కువే ఉండొచ్చు. అందుకని ముప్ఫై మంది ఉన్నారు అనగానే కంగారు పడక్కర్లేదు, అలాగని కొట్టిపారేయకూడదు కూడా. ఎవరెవరికి ఏ అవయవం, ఏ వయసు, ఏ ఏడాది బయటపడింది, ఊర్లో ఎన్నేళ్ళుగా ఉంటున్నారు, ఇవి రాయాలి. పదిమందికీ ఒకే రకం, అదీ తక్కువ వయసులో అయితే ఆలోచించాలి. ఒకరికి రొమ్ము, ఒకరికి గర్భాశయ ముఖద్వారం, ఒకరికి నోరు అయితే దేశమంతా ఉన్న వరసే అది.

లంకచుట్ట:
నోరు అంటే గుర్తొచ్చింది, దేశంలో మగాళ్ళకి వచ్చే క్యాన్సర్లలో 2022 లెక్కలో మొదటిది పెదవి, నోటి క్యాన్సరే కదండి. మేం లంకల్లో పొగాకు పండించినవాళ్ళమే, మా తాత చుట్ట లేందే గట్టు దిగేవాడు కాదు. ఇప్పుడు కుర్రాళ్ళు గుట్కా. చెరువు నీళ్ళు పరీక్ష చేయించండి, వద్దనట్లేదు, కానీ ఆ కాగితంలో పొగాకు, గుట్కా, కిళ్ళీ అలవాటుకి ఒక గడి పెట్టండి.

ఫైళ్ళ_గుట్ట:
ఆ కాగితం తయారయ్యాక పేర్లు గ్రూపులో పెట్టొద్దు బాబూ, పిల్లల పెళ్ళి సంబంధాలు చెడతాయి. పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్‌కి ఇవ్వండి. మీ బావకి చెప్పండి, అదే వెబ్‌సైట్‌లో మరణాలు అని ఇంకో బటన్ ఉంటుంది, నొక్కి ఆ పటం కూడా పంపమనండి. సియాటిల్ వాళ్ళ నంబర్లు తెచ్చి దీని పక్కన పెట్టొద్దు మాత్రం, ఏ క్యాన్సర్లు కలిపారన్నదాన్నిబట్టి లెక్క మారిపోతుంది, వాళ్ళు 2019కి ప్రపంచంలో 2 కోట్ల 36 లక్షల కొత్త కేసులన్నారు, మెలనోమా (చర్మ క్యాన్సర్లలో ప్రమాదకరమైన రకం) కాని చర్మ క్యాన్సర్లు తీసేస్తే అదే 1 కోటి 72 లక్షలకి దిగుతుంది.