అనంతపురం ఎండకు వాకిట్లో నిలబడే పూలమొక్కలేవి?

ఎర్రనేల (అనంతపురం): పడమటి వాకిలి ఇల్లు మాది. గేటు పక్కన పదడుగుల జాగా ఉంది. పోయినేడు కడియం మొక్కల బండి వస్తే నూరువరహాలు నాలుగు, గులాబీలు ఆరు, మందారం ఒకటి కొన్నా. మే దాటి బతికింది మందారం ఒక్కటే. దానికీ పిండినల్లి పట్టింది. కొళాయి రెండ్రోజులకొకసారి వస్తుంది, బోరు లేదు. అమ్మకు పూజకు పూలు కావాల. ఏం పెట్టమంటారు?

సీమబిడ్డ: కాగితంపూలు పెట్టు తమ్ముడూ, ఇంకేం ఆలోచించొద్దు. నీళ్ళు తగ్గితేనే అది పూసేది. రోజూ పోస్తే ఆకే తప్ప పువ్వుండదు. మా గేటు మీద పదకొండేళ్ళ తీగ ఉంది, మొదటేడు దాటినాక ఒక్క బిందె పోసింది లేదు. ఇంకోటి దేవగన్నేరు. కొమ్మ కోసి, పాలు ఆరేదాకా వారం రోజులు నీడన పడేసి, తర్వాత నాటు. మూడోది గన్నేరు. హైవే మధ్యలో ఎండకూ పొగకూ తట్టుకొని పూస్తాంది, చూడలేదా?

అమ్ములు: గన్నేరు వద్దన్నా. ఆకు, కొమ్మ, పువ్వు అంతా విషమే. మా పెద్దమ్మోళ్ళ మేక కొట్టేసిన కొమ్మలు తిని సాయంత్రానికి చచ్చిపోయింది. పిల్లోళ్ళున్న ఇల్లయితే ఎట్లా?

సీమబిడ్డ: శివుడికి పెట్టేది గన్నేరు పూలే కదమ్మా. తరాల నుంచి పెరట్లో ఉండాదది.

అమ్ములు: దేవుడికి పెడతాం, పిల్లోళ్ళకు పెట్టం. మేక చచ్చిన మాట నిజం.

పూలతోట (కడప): ఏ మొక్కైనా బతుకుతుంది, పోసే చేతిని బట్టి ఉంటుంది. కడప ఎండ మీకంటే తక్కువేం కాదు. మా మిద్దె మీద నలభై గులాబీలున్నాయి. మార్చిలోనే పచ్చ నెట్టు కడతా, రెండు పూటలా నీళ్ళు పోస్తా. మొక్క చచ్చిందంటే మనం పట్టించుకోలేదనే.

కర్నూలు అయ్యవారు: చేతి తప్పొక్కటే కాదు, వేళ్ళ దగ్గరి మట్టి చూడండి. చచ్చిన నూరువరహాల మొక్క ఒకటి నేను పెరికి చూసినాను. కడియం నల్లమట్టి కొబ్బరికాయంత ఉండగట్టి గట్టిపడిపోయింది. వేళ్ళన్నీ దాని లోపలే చుట్టుకున్నాయి, ఒక్కటీ బయటికి పోలేదు. పోసిన నీళ్ళు ఉండ పక్కనుంచి గరుసులోకి జారిపోయినాయి, లోపల ఎండిపోయింది. మొక్క తెచ్చినాక ఆ ఉండను రాత్రంతా బకెట్లో నానబెట్టండి, పై మట్టి వేళ్ళతో వదులు చేసి నాటండి. అదీ తొలకరి పడినాక, ఎండాకాలంలో కాదు. నూరువరహాలకు ఇంకో బాధ, మన ఉప్పు బోరు నీళ్ళకు ఈనెలు పచ్చగా ఉండి ఆకు పసుపెక్కుతుంది.

పూలతోట: మట్టి మీదికి, నీళ్ళ మీదికి నెట్టేది సులువు సార్. రోజూ చూసుకుంటే ఇవన్నీ రావు.

సీమబిడ్డ: రెండు పూటలా యాడినుంచి తెచ్చి పొయ్యమంటావన్నా? నీకు బోరుండాది, మాట్లాడతావు. మా వీధిలో ఒకాయన లాన్ కోసం ఏడొందల అడుగులు దించినాడు. ఆరు నెలల్లో మా బోరు ఎత్తిపోయింది. మా ఆవిడ వీధి కొళాయి కాడ బిందె పట్టుకొని నిలబడితే, గోడ అవతల గడ్డి తడుస్తాంటుంది. ఏడాదికి ఐదొందల చిల్లర మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది.

పూలతోట: ఎవరో చేసిందానికి నన్నంటే ఎట్లా? నా నీళ్ళు నేను పోసుకుంటాను.

సీమబిడ్డ: భూమి కింద నీ నీళ్ళు, నా నీళ్ళు అని గోడలుండవన్నా.

పూలతోట: సరే, ఉన్నమాట చెప్తా. మా నాయనది చెనక్కాయ సేద్యం. ఎండిన చేను చూస్తానే ముసలోడైపోయినాడు. ఇల్లు కట్టినప్పుడు ఒకటే అడిగినాడు, కళ్ళు తెరిస్తే పచ్చగా కనపడాల అని. ఆయన పోయినా పోస్తానే ఉన్నా. సీమోళ్ళంటే ముళ్ళూ రాళ్ళతో సరిపెట్టుకోవాలంటే నా మనసొప్పదు.

సీమబిడ్డ: నాయన మాట కాదనను. ఈ నేలను నేను తక్కువ చేస్తానని మాత్రం అనుకోవద్దు. వానలైనాక గుట్టల మీద తంగేడు పసుప్పచ్చగా విరగబూస్తే దానికి నీళ్ళెవరు పోసినారు? గొబ్బెమ్మల మీద పెట్టేది అదే పువ్వు. మన వాకిలి మన నేలకు తగినట్టుండాల, కోనసీమ మాదిరి కాదు.

అమ్ములు: అన్నా, పాపం అడిగినాయన అమ్మకు పూజ పూల సంగతి ఎవరూ చెప్పలేదు. కాగితంపూలు మా ఇంట్లో దేవుడికి పెట్టరు.

ఎర్రనేల: అమ్మకు అంతా చదివి వినిపించినా. గన్నేరు వద్దంది, ఇంట్లో మనవరాలు పాకుతా ఉంది. గేటు మీదికి కాగితంపూలు, మూలకు దేవగన్నేరు, పూజకు నందివర్ధనం రెండు పెడతా. బియ్యం కడిగిన నీళ్ళు వాటికే పోస్తానంటాంది. మందారం తీసెయ్యనీలేదు, పిండినల్లి తానే తుడుస్తుందంట.

సీమబిడ్డ: నందివర్ధనం పడమటెండకు పెట్టొద్దు, మధ్యాహ్నం దాటినాక గోడ నీడ పడేచోట పెట్టు. దేవగన్నేరు కొమ్మ కావాలంటే మా చెట్టుది ఇస్తా.

పూలతోట: మందారం కొమ్మలు కత్తిరించి, నల్లి పట్టిన చిగుళ్ళు దూరంగా కాల్చెయ్యండి. తర్వాత సబ్బునీళ్ళలో కొంచెం వేపనూనె కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున కొట్టండి. అమ్మకు తుడిచే పని తగ్గుతుంది.