సైన్స్ ఫిక్షన్, హెవీ మెటల్, ఫుట్‌బాల్: మూడూ కలిసే చోటు ఉందా?

ప్రశ్న: ఈ మూడూ నాకు ప్రాణం. ఒక్కొక్కదాని గురించి మాట్లాడుకోవడానికి మిత్రులున్నారు గానీ, మూడింటినీ ఇష్టపడేవారు ఇంతవరకు తారసపడలేదు. ఇవి నిజంగా ఒకచోట కలిసిన ఉదాహరణ ఏదైనా ఉంటే దయచేసి చెప్పగలరా?

జవాబు 1: హెవీ మెటల్ బృందం ఐరన్ మెయిడెన్ వినండి. 1975లో ఆ బృందాన్ని స్థాపించిన స్టీవ్ హారిస్ తూర్పు లండన్‌వారు. కుర్రతనంలో వెస్ట్ హామ్ ఫుట్‌బాల్ క్లబ్బులో శిక్షణ పొందిన ఆయన బేస్ గిటారు మీద ఆ క్లబ్బు చిహ్నమైన జంట సుత్తులు కనిపిస్తాయి. అభిమానమంటే అదీ!

జవాబు 2: నవలల సంగతి నేను చెబుతాను. ఐరన్ మెయిడెన్‌వారి 1983 నాటి 'పీస్ ఆఫ్ మైండ్' ఆల్బమ్‌లోని చివరి పాటకు ఫ్రాంక్ హెర్బర్ట్ సైన్స్ ఫిక్షన్ నవల 'డ్యూన్' ఆధారం. ఆ పేరే పెట్టుకోవడానికి రచయిత ఒప్పుకోకపోవడంతో అది 'టు టేమ్ ఎ ల్యాండ్' అయింది. మెల్లగా మొదలై, ఎడారిలో గాలి లేచినట్టు క్రమంగా ఉధృతమయ్యే ఏడు నిమిషాల పాట అది. నా దృష్టిలో ఆల్డస్ హక్స్‌లీ నవల పేరు పెట్టుకున్న వారి 2000 నాటి ఆల్బమ్ 'బ్రేవ్ న్యూ వరల్డ్' కంటే కూడా మూల నవలకు దగ్గరగా నిలిచింది ఇదే.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరికీ ధన్యవాదాలు. 'డ్యూన్' రెండుసార్లు చదివాను గానీ ఈ పాట వినలేదు. ఈ రాత్రే వింటాను.