షెడ్యూలర్ ఇచ్చేది "వంతా", "వాటానా"?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఆపరేటింగ్ సిస్టమ్ షెడ్యూలర్ (ఏ ప్రోగ్రామ్‌కి ప్రాసెసర్ ఎప్పుడు, ఎంతసేపు ఇవ్వాలో తేల్చే భాగం) గురించి తెలుగులో ఒక పరిచయ వ్యాసం రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. "ప్రతి ప్రోగ్రామ్‌కీ ప్రాసెసర్ సమయంలో న్యాయమైన వంతు దక్కుతుంది, అయినా లోడ్ ఎక్కువైతే డెస్క్‌టాప్ బిగుసుకుపోతుంది" అని రాశాను. చదివిన స్నేహితుడు "వంతు దక్కుతుంటే బిగుసుకోవడం దేనికి?" అన్నాడు. కారణం నాకు తెలుసు, కానీ ఆ వాక్యంలో అది చెప్పడం కుదరట్లేదు. ఇక్కడ "వంతు" తప్పు మాటంటారా?

జవాబు:
వాటా అని మార్చేయండి, గొడవ వదిలిపోతుంది. వంతు అంటే టర్న్ కదండీ.

జవాబు:
అంత తేలిగ్గా కొట్టేయకండి. "మూడో వంతు", "నా వంతు సాయం" అన్నప్పుడు అది టర్నా? వాటాయే. "నీ వంతు వచ్చేదాకా ఆగు", "వంతులవారీగా" అన్నప్పుడేమో టర్న్. రెండూ ఈ మాటకి సొంత అర్థాలే.

జవాబు:
ఆ రెండర్థాలూ ఒకే మాటలో ఉన్నందుకే మీ స్నేహితుడికి వాక్యం అడ్డం తిరిగింది. షెడ్యూలర్ దగ్గర అవి రెండు వేర్వేరు సంగతులు, అసలు పేచీ అంతా అక్కడే. ఒక చిన్న లెక్క చూడండి. ప్రాసెసర్‌లో ఒకే కోర్ (ఒకసారికి ఒకే పని చేసే భాగం) ఉందనుకుందాం, దాని మీద తొమ్మిది కంపైల్ పనులు (కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చేవి) ఆగకుండా నడుస్తున్నాయి, పదోది మీరు టైప్ చేస్తున్న ఎడిటర్. సమానంగా పంచితే ఎడిటర్‌కి వచ్చేది పదో వంతు (ఇదిగో, మళ్లీ వంతు!). కానీ దానికి అంత అక్కర్లేదు, ఒక్కో మీటకి ఒక మిల్లీసెకను చాలు, అంటే వాటాకి లోటు లేదు. ఇప్పుడు మీరు "క" నొక్కారు. ఎడిటర్ నిద్రలేచి వరుసలో చివర నిలబడింది. ముందున్న తొమ్మిదీ తలా 4 మిల్లీసెకన్లు తీసుకుంటే 36 మిల్లీసెకన్లు పోయాయి. 60 హెర్ట్జ్ తెర దాదాపు 16.7 మిల్లీసెకన్లకోసారి మారుతుంది కాబట్టి రెండు ఫ్రేములు దాటిపోయాయి. అక్కడితో అయిందా అంటే లేదు, ఎడిటర్ గీసిన బొమ్మని తెర మీదకి చేర్చే కంపోజిటర్ వేరే ప్రాసెస్, అదీ ఆ వరుసలోనే నిలబడాలి, మొత్తం 70 దాటింది. సెకను చివర లెక్క తీస్తే ఎవరికీ అన్యాయం జరగలేదు. మీ అక్షరం మాత్రం ఆలస్యంగా పడింది. వాటా అందింది, వంతు ఆలస్యమైంది.

నిజానికి ఏ షెడ్యూలరూ ఇంత మొద్దుగా ఉండదు లెండి. లినక్స్‌లో 2007లో 2.6.23 వెర్షన్‌తో వచ్చిన సీఎఫ్ఎస్, అంటే కంప్లీట్లీ ఫెయిర్ షెడ్యూలర్ (పేరులోనే ఫెయిర్ ఉంది చూడండి), ఎవరు ఇప్పటిదాకా తక్కువ వాడుకున్నారో వాళ్లని ముందుకి పిలుస్తుంది, నిద్రలేచిన పనికి కొంచెం రాయితీ కూడా ఇస్తుంది. అందుకే ఎడిటర్ లాంటివి గట్టెక్కేస్తాయి. పెద్ద వెబ్‌పేజీ గీయడానికి గింజుకుంటున్న బ్రౌజర్‌కి మాత్రం ఆ రాయితీ పెద్దగా అందదు, ఎందుకంటే అదీ ప్రాసెసర్‌ని దండిగా తింటోంది, షెడ్యూలర్ కంటికి దానికీ కంపైలర్‌కీ తేడా లేదు.

ప్రశ్న అడిగిన నేనే:
అబ్బ, ఇదే నాకు నోటికి రాలేదు! అయితే 2023లో లినక్స్ 6.6 కెర్నల్‌తో సీఎఫ్ఎస్ స్థానంలోకి వచ్చిన ఈఈవీడీఎఫ్ అనే షెడ్యూలర్ ఈ వాటానీ వంతునీ విడదీసిందని చెప్పొచ్చా?

జవాబు (పైన లెక్క రాసింది నేనే):
చెప్పొచ్చు, తెలుగులో భలే కుదురుతుంది కూడా. 1995 నాటి ఒక పరిశోధన పత్రంలోని ఆలోచన అది. ఎవరికి ప్రాసెసర్ ఇంకా "బాకీ" ఉందో వాళ్లే పోటీకి అర్హులు, ఆ అర్హుల్లో ఎవరి "గడువు" ముందుంటే వాళ్లది ముందు. ఒకసారికి ఇచ్చే సమయాన్ని "విడత" అనండి, స్లైస్‌ని ముక్క అనేకంటే నయం. చిన్న విడత అడిగిన పనికి గడువు దగ్గర్లో పడుతుంది, అంటే వంతు త్వరగా వస్తుంది, మొత్తం వాటా మాత్రం పెరగదు. లినక్స్ 6.12 నుంచి ప్రోగ్రామే తనకి కావలసిన విడత అడగొచ్చు.

జవాబు:
మధ్యలో దూరుతున్నాను, "నైస్" విలువకి (ఒక పని పక్కవాటికి ఎంత దారి ఇవ్వాలో చెప్పే సంఖ్య) తెలుగేంటి? ఒక పుస్తకంలో "మంచితనం" అని చూసి నవ్వాగలేదు.

జవాబు:
మొహమాటం! సరదాకి అనట్లేదు, అతికినట్టు సరిపోతుంది. విలువ -20 నుంచి 19 దాకా ఉంటుంది, ఎంత పెరిగితే అంతగా పక్కవాళ్లకి వదిలేస్తుంది. అదే కోర్ మీద 0 ఉన్న పనితో పోటీ పడితే 19 ఉన్నదానికి దక్కేది ఒకటిన్నర శాతం లోపే. పైగా మామూలు యూజర్ మొహమాటం పెంచుకోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు, తగ్గించుకోవాలంటే మాత్రం మామూలుగా రూట్ (అడ్మిన్) అధికారం కావాలి.

ఒక మెలిక ఉంది. లినక్స్‌లో ఆటోగ్రూప్ అనే సదుపాయం ఆన్‌లో ఉంటే (2011లో 2.6.38తో వచ్చింది) ఒక్కో సెషన్, అంటే ఉదాహరణకి కమాండ్లు టైప్ చేసే ఒక్కో టెర్మినల్, ఒక్కో గుంపు, ముందు గుంపుల మధ్య పంపకం, తర్వాతే లోపల. ఒక టెర్మినల్‌లో అరవై కంపైల్ పనులు వదిలినా అవన్నీ కలిసి ఒక్క గుంపే, డెస్క్‌టాప్ ఊపిరి పీల్చుకుంటుంది. కానీ అప్పుడు నైస్ ఆ గుంపు లోపలే చెల్లుతుంది. ఒకసారి వీడియో ఎన్‌కోడింగ్‌కి నైస్ 19 పెట్టి, పక్క టెర్మినల్‌లో పని ఏమాత్రం వేగం పుంజుకోలేదేమని గంటసేపు జుట్టు పీక్కున్నాను. వాడి మొహమాటం ఇంట్లోవాళ్ల దగ్గరే అన్నమాట.

జవాబు:
"మొహమాటం" పరీక్ష పేపర్లో రాస్తే మార్కులు పడవు గానీ నాకు నచ్చింది. "స్టార్వేషన్"ని మాత్రం ఆకలిచావు అనకండి బాబూ, అది చావదు, వంతు రాక అలా పడి ఉంటుంది. "వంతు అందకపోవడం" చాలు.

జవాబు:
నా అభ్యంతరం అసలు "బిగుసుకుపోవడం" మీద. మౌస్ కదులుతూ అక్షరాలు ఆలస్యంగా పడితే అది నత్తనడక. ఉలుకూ పలుకూ లేకుండా నిమిషాల తరబడి ఆగిపోతేనే బిగుసుకోవడం, అలాంటప్పుడు చాలాసార్లు మెమరీ నిండిపోయి, దానికీ డిస్క్ మీది స్వాప్‌కీ (మెమరీ చాలనప్పుడు వాడే చోటు) మధ్య పేజీలు, అంటే మెమరీ ముక్కలు, అటూ ఇటూ తిరుగుతుంటాయి. వంతు వచ్చినా ప్రోగ్రామ్ తన పేజీ డిస్క్ నుంచి వచ్చేదాకా కదల్లేదు. ఆ నేరం షెడ్యూలర్ మీద వేయకండి.

ప్రశ్న అడిగిన నేనే:
ఒప్పుకున్నాను. వాక్యం ఇలా మార్చాను: "ప్రతి ప్రోగ్రామ్‌కీ దాని వాటా అందుతూనే ఉంటుంది, కానీ లోడ్ పెరిగేకొద్దీ వంతు రావడం ఆలస్యమై డెస్క్‌టాప్ నత్తనడక నడుస్తుంది." ఇది చూసి స్నేహితుడు వేసిన కొత్త ప్రశ్న: "షెడ్యూలర్‌ని మాత్రం షెడ్యూలర్ అనే ఎందుకు ఉంచావు?" దానికి వేరే పోస్టు పెడతాను.